దరువు ఆగితే లేవాలె

ఆ పూట సిద్దిపేటలోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. కీబోర్డు వాయించే అఫ్సర్, అతని భార్య జోహ్రా, పాటల జట్టులోకి ల్యాప్‌టాప్ తెచ్చిన సతీశ్, సతీశ్ చెల్లెలు వందన. ఐదోవాడు ఉండాల్సింది, లేడు. అఫ్సర్ తమ్ముడు రిజ్వాన్ పగిలిన తలతో దవాఖానలో ఉన్నాడు. అతని డప్పు గోడకు వేలాడుతోంది. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు. తెల్లారితే ఊరి నడుమ ఉద్యమ పాటల సభ, ధూంధాం.

వందన నారాయణరావుపేట బడిలో పదో తరగతి. నలుగురిలో నోరు విప్పదు. ఉన్నదంతా డైరీకే చెప్పుకుంటుంది. మూడు రోజులుగా అందులో ఒక్క వాక్యమే రాస్తోంది, కొట్టేస్తోంది. 'దరువు ఆపింది నేనే.' ఆ వాక్యాన్ని ఇవాళ నోటితో చెప్పాలని అన్న సైకిలెక్కి వచ్చింది. వచ్చి గంటయింది.

"పెండ్లికూతురు గూడ గింత అడగది సతీశ్! ఎండ తగలొద్దంటవ్, దుమ్ము పడొద్దంటవ్, కరెంటు పోవద్దంటవ్. ఇగ నీ డబ్బను ట్రాక్టరు ట్రాలీ మీద ఎట్ల కూసోపెడ్తం?"

"డబ్బ కాదు భాయ్. ల్యాప్‌టాప్."

"డబ్బనే. నా కీబోర్డును చూడు. పదకొండేండ్లు! బరాతుల గుర్రం తన్నింది, వానల తడిసింది, రెండు మీటలు ఊసిపోతె అగ్గిపుల్లలు చెక్కిన. స్విచ్ ఏసినమా, మోగిందా, గంతే. ఆరు సెల్లులు ఏస్తె పొద్దంత నడుస్తది."

"నడుస్తది. ధూళిమిట్టల సెల్లులు అయిపోయినప్పుడు పిల్లి ఏడ్చినట్టు ఏడ్వలేదా? జనం నవ్వలేదా?"

"నవ్వనీ. ఏడ్చింది గాని ఆగలే. నీది? చేర్యాల అంగడి కాడ పాట నడిమిట్ల దాని మీద ఏవో అక్షరాలు లేచినయ్."

"బ్యాటరీ తక్కువున్నదని చెప్పింది భాయ్."

"పాట నడిమిట్ల చెప్తదా? ఇన్నేండ్లు పెండ్లిళ్లల్ల వాయించిన, ఆకలైతుందని మైకుల ఎన్నడన్న చెప్పిననా నేను?"

"నీ కీబోర్డుల నూరు దరువులున్నయి. ఒక్కటన్న మనదున్నదా? ఏ దేశపు డాన్సులో ఏమో. డోలు మీట నొక్కితె రేకు డబ్బ కొట్టినట్టుంటది. మనం పాడేది తెలంగాణ పాట. డప్పు లేకుంట పాడుదమా?"

"డప్పు కొట్టెటోడు దవాఖానల ఉన్నడు. ఎందుకున్నడు?"

"భాయ్..."

"అడుగుతున్న గద. ఎందుకున్నడు?"

"ల్యాప్‌టాప్ ఆగింది. ఒప్పుకున్న గద! ఎన్నిసార్లు ఒప్పుకోవాలె? ఎండకు వేడెక్కింది, ఆగింది. రేపు కింద చిన్న ఫ్యాను పెడ్త. మీద గొడుగు పడ్త."

"అన్నా..."

"నువ్వు ఊకో వందనా. చాయ్ తాగు."

"చాయ్ చల్లగయింది బేటీ, ఇటియ్యి, వేడి చేస్త. పొద్దుగాల ఏమన్న తిన్నవా? బస్సుల్లేవాయె, ఎట్ల వచ్చిన్రు?"

"సైకిల్ మీద, జోహ్రా చిన్నమ్మా. నేను వెనుక కూసున్న. ల్యాప్‌టాప్ సంచి నా ఒళ్లె పెట్టుకున్న."

"గంత దూరం? ఒళ్లె పెట్టుకొనా?"

"గతుకులకు దెబ్బ తగుల్తదని అన్న పెట్టుకొమ్మన్నడు."

"చూసినవా జోహ్రా, బిడ్డను మోసినట్టు మోసుకొచ్చిన్రు. సతీశ్, ఒక్కటి చెప్పు. మన కట్టు ఏంది? నాకు మతికి లేదు. నువ్వు చెప్పు."

"నీకు ఎరుకలేదా భాయ్? నువ్వు పెట్టిందే."

"నీ నోట వినాలె. చెప్పు!"

"దరువు నడిచినంతసేపు ఎవ్వలు లేవద్దు. రోడ్డు మీద కూసునే ఉండాలె. పాట అయిపోకముందే దరువు ఆగితే పోలీసోళ్లు మీద పడుతున్నట్టు. ఆడోళ్లు, ముసలోళ్లు మొదలు లేచి చేన్లకు ఉరకాలె."

"ఎందుకు పెట్టినం గట్ల?"

"మైకుల చెప్తె వాళ్లకు గూడ ఎరుకైతదని."

"ఏడాదిన్నర నడిచింది గా కట్టు. ఏ ఊర్లె తప్పలే. ఎందుకు? నా ఏలు మీట మీద ఉండె, నా కండ్లు రోడ్డు మీద ఉండె. నేను చూస్తెనే ఆగేది."

"మరి మొన్న రాస్తారోకోల నీ ఏలు ఏడ వోయింది? నేను, రిజ్వాన్ మైకు పట్టుకొని ముంగట పాడుతం, దరువు సతీశ్ చూసుకుంటడు అన్నది ఎవరు?"

"నేనే! నీ డబ్బను నమ్మి అన్న! నాలుగు వందల మంది సతీశ్. ఒక్కసారి లేచిన్రు. పోలీసోళ్లు అప్పటిదాక అవతల చెట్టు కింద నిలవడి శెనగలు నములుతున్నరు. జనం లేచి ఉరుకుడు చూసిన్రు, రాళ్లకు ఉరుకుతున్నరనుకున్నరు. ఇగ లాఠీలు..."

"చాలు తియ్యుండ్రి. పిల్ల ముంగట ఎందుకు?"

"పిల్ల గూడ ఆడ్నే ఉన్నది జోహ్రా. ట్రాలీ మీద ఉన్నది. ఏం బిడ్డా, ఆడ్నే ఉన్నవ్ గద?"

"ఉన్న కాకా."

"ఏం చూసినవ్?"

"దాన్ని అడుగకు భాయ్! అడిగేదుంటే నన్ను అడుగు!"

"నిన్ను అడిగితె ఎండ అంటవ్. నువ్వు చెప్పు బిడ్డా."

"ముంగట కూసున్న రాములవ్వ లేవలేకపోయింది కాకా. చెప్పు ఊసిపోయిందని వంగింది. రిజ్వానన్న ట్రాలీ మీదికెల్లి దునికిండు. ఆమెను కింద పెట్టి మీద బోర్ల పడ్డడు. దెబ్బలన్ని ఆయన మీదనే. అది... డప్పు మీద కొట్టినట్టు లేదు కాకా. తడిబట్ట బండకు కొట్టినట్టున్నది. తలకాయ మీద పడ్డప్పుడు మాత్రం..."

"పడ్డప్పుడు?"

"ఎండిన సొరకాయ పగిలినట్టు. నేను చెవులు మూసుకున్న."

"యా అల్లా. అందుకే చెప్తున్న చాలు అని! దవాఖానకు సద్ది కట్టాలె నేను. అత్తమ్మ పొద్దట్నుంచి ఆకలితోని వాని పక్కన కూసున్నది."

"కండ్లు తెరిచిండా భాభీ?"

"తెరుస్తడు సతీశ్. మనిషిని గుర్తువట్టడు. మాట లేదు. బతికితె గూడ కుడిచెయ్యి లేవదన్నడు డాక్టరు."

"ఇన్నవా భాయ్? గందుకే రేపు ల్యాప్‌టాప్ ఉండాలె. నీ వెనుక అర్రల రెండు దినాలు కూసోపెట్టి రిజ్వాన్ డప్పు దెబ్బలు ఒక్కొక్కటి దీంట్ల పట్టిన. సిర్రకట్టెతోని కొట్టింది, సన్నపుల్లతోని కొట్టింది, అంచుకు, నడుమ, మెల్లగ, గట్టిగ. చిన్న మీటల పలక మీద నేను ఒక్కసారి నొక్కితె మళ్ల ఆపేదాక ఆయన చెయ్యి పలుకుతది. నీ కీబోర్డు ఎంత గట్టిదైనా గా చెయ్యి దాంట్ల లేదు. ఇగ లోకంల ఆయన డప్పు గీ ఒక్క సంచిలనే ఉన్నది. సిద్దిపేట జనం ఒక్కసారన్న వినొద్దా?"

"వినాలె. నేను గూడ వింట. సంచి ఇప్పు."

"రేపు వింటవ్ తియ్యి."

"ఇప్పుడు ఇప్పు. దెబ్బలు కాదు నేను అడిగేది. మొన్నటిది ఇనిపియ్యి. ప్రతి ప్రోగ్రాము దాంట్ల రికార్డు అయితదంటవ్ గద? మైకుల పడ్డది, మీట మీద పడ్డది, అంత రాసి పెట్టుకుంటదని గొప్పలు చెప్పినవ్ గద? ఎట్ల ఆగిందో నేను ఇనాలె."

"కరెంటు లేదు."

"బ్యాటరీ?"

"అయిపోయింది."

"రేపటి ప్రోగ్రాముకు ఖాళీ బ్యాటరీతోని వచ్చినవా?"

"ఈడ ఎక్కించుకుందాం అనుకున్న."

"జోహ్రా, మీదికి చూడు."

"ఫ్యాను తిరుగుతుంది అజీ."

"కరెంటు వచ్చింది సతీశ్. ప్లగ్గు నీ వీపు వెనుకనే ఉన్నది."

"మొన్న రికార్డు పెట్టలే భాయ్. తొందరల మర్చిపోయిన."

"పెట్టినవ్ అన్నా. ఎర్ర చుక్క వెలుగుతుండె."

"నోర్ముయ్యి వందనా!"

"పిల్ల మీద ఎందుకు అరుస్తున్నవ్ సతీశ్? నిజమే చెప్తున్నది గద."

"ఇంకోటి. ఎండకు ఆగింది అన్నవ్. మరి మళ్ల ఎట్ల నడిచింది? నేను మైకు ఇడిచి ఉరుకుతున్న, వెనుక దరువు మళ్ల మొదలయింది. ఎండకు ఆగింది, మబ్బుకు నడిచిందా?"

"గవి గట్లనే ఉంటయి భాయ్. ఆగుతయి, వాటంతట అవే తేరుకుంటయి."

"మనుషులు తేరుకోరు గాని డబ్బలు తేరుకుంటయా?"

"కాకా, నేనొక మాట చెప్పాలె."

"చెప్పు బిడ్డా."

"ఏం లేదు భాయ్. రేపటి పాట ఏ శ్రుతిల అని పొద్దట్నుంచి నన్ను తింటుంది. వందనా, నువ్వు పోయి అరుగు మీద కూసో. డైరీ రాసుకో."

"శ్రుతి గురించి కాదు అన్నా."

"పొమ్మన్న గద!"

"పిల్లను పంపకు సతీశ్. సంచి ఇటియ్యి."

"ఇయ్య."

"ఇడువు!"

"చెయ్యి తియ్యి భాయ్. వారు తెగుతది. భాభీ, నువ్వన్న చెప్పు!"

"నా తమ్ముని నెత్తురు నా అంగీకెల్లి ఇంక పోలే. మూడు సార్లు ఉతికింది జోహ్రా. ఏం దాస్తున్నవ్ దాంట్ల?"

"ఏం దాస్తలే! అంగీ గల్ల ఇడువు!"

"గల్ల కాదు, గొంతు పడ్త!"

"అజీ! ఇడువుండ్రి! అరె, తల గోడకు తాకింది! నెత్తురొస్తుంది చూడుండ్రి, పిలగాని చెవు మీదికెల్లి కారుతుంది! అజీ, మీ కాళ్లు మొక్కుత!"

"కాకా, అన్నను ఇడువు! ఇడువు కాకా!"

"సంచి ఇస్తె ఇడుస్త!"

"ఇగో భాయ్... ఇగో... ఇస్తున్న. ఊపిరాడుతలేదు. ఇడువు. ప్లగ్గు పెట్టాలె గద. ఇడువు."

"పెట్టు."

"జరుగున్రి. జాగ ఇయ్యిన్రి."

"గా స్టాండు ఎందుకు పట్టుకున్నవ్ సతీశ్? ఇనుపది అది. కింద పెట్టు. అజీ, మీరు వెనుకకు రాండ్రి! వీని కండ్లు మంచిగ లెవ్వు!"

"నేను మనుషులను కొట్ట భాభీ. జరుగు. వందనా, నువ్వు గూడ జరుగు."

"అన్నా, వద్దు. అన్నా!"

కీబోర్డు నిలబెట్టే ఇనుప స్టాండు సంచి మీద పడింది. మళ్లీ పడింది. మూడోసారి సంచి చిరిగి లోపలిది బయటపడ్డాక, సరిగ్గా దాని నడుమ పడింది.

"ఏం చేసినవ్ రా! అరె పాగల్! దాంట్ల నా తమ్ముని చెయ్యి ఉన్నదంటివి గద రా! ఇప్పుడే గద అంటివి! లోకంల ఇగ యాడ లేదంటివి!"

"ఇగ యాడ లేదు భాయ్."

"ఎందుకు రా! ఎందుకు!"

"కొట్టు. ఎంత కొడతవో కొట్టు. నువ్వన్నదే నిజం. కీబోర్డే మంచిది. స్విచ్ ఏస్తె మోగుతది, తీస్తె ఊకుంటది. దేన్నీ మతికి పెట్టుకోదు. రేపు కీబోర్డే పెడదాం."

"అన్నా... నువ్వు విన్నవా?"

"ఏంది వినేది?"

"ఇంటికాడ మొన్న అన్నం గూడ తినకుంట చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూసున్నవ్. నా గొంతు ఉన్నదా దాంట్ల? నేను అనుకున్న మాట మైకుల పడ్డదా?"

"ఏం పడలే."

"పడ్డది. గందుకే పగలగొట్టినవ్."

"వందనా, నువ్వు నోరు తెరిస్తె చంపుత! మీ మీద ఒట్టు భాభీ, దీనికి మూడు దినాల సంది జరం. ఏదేదో మాట్లాడుతుంది."

"నాకు జరం లేదు. కాకా, ల్యాప్‌టాప్ ఆగలే..."

"వందనా!"

"సతీశ్! ఆడపిల్లను చెంపల మీద కొడతవా! సిగ్గున్నదా నీకు? ఇటు రా బేటీ, నా వెనుకకు రా. వాకిట్లకు రా."

"వద్దు చిన్నమ్మా. ఇంకోటి కొట్టనీ. కొట్టినా చెప్త. ల్యాప్‌టాప్ ఆగలే కాకా. దరువు ఆపింది నేనే."

"నువ్వా బేటీ? ఎట్ల?"

"అన్న జనరేటరు చూస్తనని ట్రాలీ కిందికి దిగిండు. దరువు చూస్తుండు, దేన్నీ ముట్టకు అన్నడు. నేను మక్కచేను దిక్కు చూసిన. ఆకుల నడుమ ఖాకీ అంగీలు. చేతుల కట్టెలు. మన దిక్కే వస్తున్నరు. వెనుకకెల్లి పోలీసోళ్లు చుట్టేసిన్రు అనుకున్న. నిన్ను పిలువాలె అనుకున్న కాకా. నోరు రాలే. బడిల హాజరు పిలిస్తెనే నాకు నోరు రాదు. 'పోలీసోళ్లు' అని గొణిగిన, నాకే సరిగ ఇనరాలే. ఇగ మీట నొక్కిన. కట్టు గదే గద కాకా. చూసినోళ్లు ఆపాలె."

"చేనుల ఉన్నదెవరు బేటీ?"

"బస్సు డ్రైవర్లు చిన్నమ్మా. సమ్మెల ఉన్నోళ్లు. మనతోని కూసునెటందుకు చేను అడ్డంబడి వస్తున్నరు. అవి జెండ కట్టెలు. గాళ్లు ఒడ్డెక్కినంక జెండలు అగుపడ్డయి. మళ్ల నొక్కిన. గట్టిగ నొక్కిన. దరువు మళ్ల నడిచింది గాని ఎవ్వలు కూసోలే. రిజ్వానన్నను కొడుతున్నంతసేపు... రిజ్వానన్న డప్పే మోగింది కాకా. దాన్ని ఆపుడు నాకు చేతగాలే."

"భాయ్, నీ కాళ్ల మీద పడుతున్న, అది చిన్నపిల్ల. చేతుల పెట్టి దిగింది నేను. తప్పు నాది. నన్ను కొట్టు. స్టాండు తీస్కో, కొట్టు. దాని దిక్కు చూడకు."

"అజీ... ఏమన్న మాట్లాడుండ్రి. గట్ల చూడకుండ్రి, నాకు భయమైతుంది."

"నాకు ఎరుకే జోహ్రా."

"ఏం ఎరుక?"

"ఆటోల తలకాయ నా ఒళ్లె పెట్టుకున్నప్పుడు రిజ్వాన్ చెప్పిండు. 'పిల్ల ఆపింది భాయ్. భయపడ్డది. ఏమనకు' అన్నడు. అటెనుక మాట పోయింది. వాని ఆఖరు మాట అదే."

"నీకు మొదటి దినమే ఎరుకనా భాయ్? మరి గింత లొల్లి ఎందుకు చేసినవ్? డబ్బ, ఎండ, రికార్డు..."

"మీల ఒక్కరన్న నా మొకం మీద చెప్తరని చూసిన."

"చెప్పిన కాకా. ఇప్పుడు చెప్పిన."

"చెప్పినవ్ బిడ్డా. మంచిగ చెప్పినవ్."

"కాకా, నేను దవాఖానకు వస్త. సద్ది నేను పట్టుకపోత. కాళ్లు మొక్కుత."

"రాకు. ఇంకింత వెనుకకు జరుగు. గడప దిగు. ఆడపిల్లను కొట్టలేక మూడు దినాల సంది ఆ డబ్బను తిట్టిన, నీ అన్న నెత్తి పగలగొట్టిన. ఇప్పుడు డబ్బ లేదు, నీ అన్న నా కాళ్ల మీద పడ్డడు, నా చేతికి ఇగ నువ్వొక్కదానివే అగుపడుతున్నవ్. ఏమనకు అన్నడు వాడు. దర్వాజ మీదికెల్లి ఏళ్లు తియ్యి బిడ్డా, తలుపేస్తున్న."